పదానికి పేరు: సెరాంపూర్ నుంచి కంప్యూటర్ దాకా

మీ కంప్యూటర్ తెరమీద 'ఫైలు దొరకలేదు' అని తెలుగులో కనిపించిందనుకోండి. కోల్‌కతాలోని విద్యార్థికి అదే ప్రోగ్రాం అదే మాటను బెంగాలీలో చెబుతుంది. ప్రోగ్రాం ఒక్కటే అయినా ఇది ఎలా సాధ్యం? వాక్యాలన్నిటినీ ప్రోగ్రాం నుంచి విడదీసి, భాషకొక జాబితాగా దాచి ఉంచుతారు. జాబితాలో ప్రతి వాక్యానికీ ఒక పేరుంటుంది. అన్ని జాబితాలలోనూ ఆ పేరు ఒక్కటే. వాక్యం మాత్రమే మారుతుంది. మరి ఆ పేరు ఎలా ఉండాలి? ఈ చిక్కు కంప్యూటర్లకంటే చాలా పాతది.

హుగ్లీ ఒడ్డున

కోల్‌కతాకు ఉత్తరంగా, హుగ్లీ నది ఒడ్డున ఉన్న సెరాంపూర్‌లో విలియం కేరీ, ఆయన సహచరులు 1800లో అచ్చుకూటం నెలకొల్పారు. 1801 నుంచి కేరీ కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బెంగాలీ, సంస్కృతం బోధించారు. పండితుల సాయంతో బైబిలును అనేక భారతీయ భాషల్లోకి అనువదించే పనీ సాగింది. ఇన్ని భాషల పదాలను ఒకచోట ఎలా అమర్చాలి? 1811లో ఒక ఉత్తరంలో కేరీ తన పథకాన్ని వివరించారు. సంస్కృత పదాన్ని ఆధారంగా తీసుకుని, దాని వేర్వేరు అర్థాలను ఉదాహరణలతో ఇవ్వాలి. తర్వాత ఒక్కో భాషలోని సమానపదాలు రాయాలి. వాటిలో సంస్కృతం నుంచి వచ్చినవి ముందు, మిగతావి తర్వాత.

అర్థాలను విడదీయడం ఎందుకు అవసరమో చూడండి. సంస్కృతంలో 'శిక్ష' అంటే బోధన. బెంగాలీలో నేటికీ అది చదువే. మనకు మాత్రం దండన! 'ఉపన్యాసం' మనకు ప్రసంగం, బెంగాలీలో నవల. పదం ఒకటే కదా అని అలాగే దించేస్తే బెంగాలీ విద్యాశాఖ తెలుగులో దండనల శాఖ అవుతుంది.

1812 మార్చి 11న అచ్చుకూటం అగ్నికి ఆహుతైంది. నిఘంటువు కోసం కూర్చిన సామగ్రి, కేరీ తెలుగు వ్యాకరణం రాతప్రతి కాలిపోయాయి. అచ్చు అక్షరాలు కరిగిపోయాయి. అయితే అక్షరాల మూల అచ్చులైన ఉక్కు పంచ్‌లు మిగిలాయి. కరిగిన లోహంతోనే అక్షరాలను మళ్లీ పోతపోసి పని మొదలుపెట్టారు. తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది. ఆ బహుభాషా నిఘంటువు మాత్రం వెలుగు చూడలేదు.

1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ముందుమాటకు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన వివరణ, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని చూపింది. ఒక భాష పదాలనే కొలతగా పెట్టుకుంటే అన్ని భాషలూ అందులో ఇమడవని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంగ్లీషు కొలత

సాఫ్ట్‌వేర్‌లో ఈ కొలతగా ఇంగ్లీషు వచ్చింది. 1995లో వెలువడిన గ్నూ గెట్‌టెక్స్ట్‌లో సాధారణంగా ఇంగ్లీషు వాక్యమే పేరు. ఇందులో సౌకర్యం ఉంది: అనువాదకుడికి మూలం కళ్లెదుటే ఉంటుంది, అనువాదం లేనిచోట కనీసం ఇంగ్లీషైనా కనిపిస్తుంది. కాని 'ఓపెన్' అనేది ఆజ్ఞ అయితే మనం 'తెరువు' అనాలి, స్థితి అయితే 'తెరిచి ఉంది' అనాలి. రెండింటికీ ఒకే పేరైతే ఒకచోట తప్పు తప్పదు. అందుకే తర్వాత గెట్‌టెక్స్ట్‌లో సందర్భాన్ని తెలిపే గది చేర్చారు. కేరీ అర్థాలను విడదీయాలనుకున్నదీ ఇందుకే.

రెండో పద్ధతిలో 'ఫైలు.ఆజ్ఞ.ఓపెన్', 'ఫైలు.స్థితి.ఓపెన్' వంటి పేర్లు పెడతారు. ఎక్కడ, ఏ పనికి అన్నది పేరే చెబుతుంది. ఇంగ్లీషు వాక్యంలో కామా మారినా పేరు చెడదు.

పేరు ఎంత బాగున్నా వాక్యాన్ని ముక్కలు చేయకూడదు. మనం 'రెండు ఫైళ్లు' అంటాం. బెంగాలీలో 'దుటి ఫైల్' అంటారు, 'ఫైల్' మారదు. అంకె ఒకచోట, మాట ఒకచోట దాచి అతికిస్తే ఏదో ఒక భాష కుంటుతుంది.

మీరూ ప్రయత్నించండి. మీ కళాశాల గ్రంథాలయానికి కావలసిన పది సందేశాలను తెలుగులో, మీకు తెలిసిన మరో భాషలో రాసి, ఒక్కోదానికి పేరు పెట్టండి. పేర్ల జాబితాను మాత్రమే మిత్రుడికివ్వండి. ఏ పేరు ఏ సందేశానిదో అతడు చెప్పగలిగితే మీ పేర్లు సరైనవే.