ఛానెల్ దాటిన చిన్న ఇంజన్

ఇవాళ ఒక చిన్న ఇంజన్ కథ చెప్పుకుందాం.

1909లో ఇంగ్లీష్ ఛానెల్‌ని మొదట విమానంలో దాటినవాళ్ళకి 1000 పౌండ్లు ఇస్తామంది డెయిలీ మెయిల్ పత్రిక. జులై 19న హ్యూబర్ట్ లేథమ్ బయల్దేరాడు. ఆయనది ఆంటోనెట్ ఇంజన్. 8 సిలిండర్లు, 50 హార్స్‌పవర్, పెట్రోలు కొట్టడానికి పంపు, అన్నీ ఉన్నాయి. కానీ దారిలోనే ఆగిపోయింది. మనిషి నీళ్ళలో దిగాడు.

ఆరు రోజులకి లూయీ బ్లేరియో వంతు. కాలికి కాలిన గాయం, ఊతకర్రల మీద నడక. కారు దీపాలమ్మి సంపాదించిన డబ్బు చాలావరకు విమానాలకే పోసేశాడు. ఈసారి పోతే మళ్ళీ లేవడం కష్టమే.

ఆయన నమ్ముకున్న ఇంజన్ అలెస్సాండ్రో అంజానీది. మోటార్‌సైకిల్ ఇంజన్లతో పేరు తెచ్చుకున్న ఇటలీ మనిషి, పారిస్ దగ్గర చిన్న వర్క్‌షాప్. 3 సిలిండర్లు, సుమారు 25 హార్స్‌పవర్. రేడియేటర్ లేదు, గాలితోనే చల్లబడాలి. వేడి పోవడానికి సిలిండర్ల కింది భాగంలో చిల్లులు పెట్టారు. పిస్టన్ దిగినప్పుడల్లా వాటిలోంచి పొగతోపాటు నూనె కూడా చిమ్మి, నడిపేవాడి మీద పడేది!

అదే ఇంజన్ దాదాపు 37 నిమిషాలు ఆగకుండా తిరిగి, బ్లేరియోని డోవర్ చేర్చింది. మధ్యలో వాన పడి ఇంజన్‌ని చల్లబరిచిందంటారు.

వానొక్కటే కాదని నాకనిపిస్తుంది. జులై 27న లేథమ్ మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ ఇంజనే ఆగింది. అంజానీ ఇంజన్‌లో పాడవడానికి ఉన్న భాగాలే తక్కువ. గొప్ప ఇంజన్ అని కాదు, ఆ 37 నిమిషాలకి సరిపోయింది. చరిత్రకి అంతే కావాల్సొచ్చింది.

ఆ విమానం ఇప్పటికీ పారిస్ మ్యూజియంలో ఉంది. వెళ్తే ముందు ఇంజన్ చూడండి.