పన్నెండేండ్ల పిల్లలు – మన పాఠశాలలు

సువార్తలలో పన్నెండేండ్ల పిల్లలు ఇద్దరు మనకు కనిపిస్తారు. ఒకరు యెరూషలేము దేవాలయంలో బోధకుల నడుమ కూర్చుండి ప్రశ్నలడిగిన బాలయేసు. రెండవది యాయీరు కుమార్తె. చనిపోయిన ఆ చిన్నదానిని లేపిన వెంటనే, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమని ప్రభువు ఇంటివారికి చెప్పాడు. వేదాంత కళాశాలలో చదువుకొనే రోజుల్లో ఈ మాటను నేను అద్భుతానికి తోకవంటిదనుకొని దాటిపోయాను. మెండోర ప్రాంతపు పల్లెలలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల ఇండ్లకు వెళ్ళడం మొదలుపెట్టిన తరువాతనే ఈ రెండు వృత్తాంతాలను కలిపి చదవడం నేర్చుకొన్నాను.

మెదక్ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడి నూరేండ్లు నిండాయి. ఇటువంటి సందర్భాలలో మన విద్యాసేవను గూర్చి వ్రాసేవారు కట్టిన భవనాలను, పనిచేసిన ప్రధానోపాధ్యాయులను వరుసగా పేర్కొంటారు. బడిలోని పిల్లవాడు ఏమి తిన్నాడు, ఎక్కడ పండుకొన్నాడు, ఏ భాషలో పాఠం విన్నాడు అన్న సంగతులు ఆ వ్యాసాలలో ఉండవు. నాకు తెలిసినంతమట్టుకు మన బడులు పిల్లలకు చేసిన మేలంతా ఆ సంగతులలోనే ఉన్నది. వాటి లోపం కూడా అక్కడే ఉన్నది.

ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1896లో మెదక్ వచ్చారు. ఆయన సోదరి మిస్ పాస్నెట్, ఆమె సహచరి మిస్ హారిస్ స్త్రీల మధ్య పనిని, వైద్యాన్ని చేపట్టారు. వెస్లియన్ మిషను ఈ ప్రాంతంలో ఆదినుండి రోగిని, ఆకలిగొన్నవానిని, చదువురానివానిని వేర్వేరు మనుష్యులుగా చూడలేదు. మహాదేవాలయ నిర్మాణమే కరువు కాలంలో జనానికి కూలి, కూడు దొరికే పనిగా సాగింది. మన నిజామాబాద్ జిల్లాలో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్ గారు డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు వైద్యశాలను స్థాపించారు. అందుకు స్థలమిచ్చినవారు రాజా నర్సాగౌడ్ గారు. క్రైస్తవేతరుడైన ఆ దాతను మన సంచికలు మరచిపోరాదు.

పల్లెలలో మాత్రం మన బడి చాలా చిన్నది. ఉపదేశి ఇంటి అరుగే బడి. పగలంతా పశువుల వెంట, పొలాల వెంట తిరిగిన పిల్లలు పొద్దుగూకిన తరువాత లాంతరు చుట్టూ చేరేవారు. అక్షరాలు, ఎక్కాలు, పాటలు, వేదపాఠం తెలుగులో నేర్చేవారు. అటుపైన ఏమిటి? అక్కడే తెగిపోయేది. నిజాం రాజ్యంలో ప్రాథమిక పాఠశాలను తహతానియా అని, మధ్య పాఠశాలను వస్తానియా అని, ఉన్నత పాఠశాలను ఫౌఖానియా అని పిలిచేవారు. వస్తానియా సాధారణంగా పెద్ద ఊళ్ళలోనే ఉండేది, బోధన ఉర్దూలో. ఇంట్లో ఎన్నడూ వినని భాషలో పదకొండేండ్ల మాల, మాదిగ బిడ్డ లెక్కలు నేర్చుకోవాలి, అదీ ఎక్కడ కూర్చోనిస్తారో తెలియని తరగతిలో. బాగా చదివే పిల్లవాడు అక్కడికి వెళ్ళి మొద్దు అనిపించుకొన్నాడంటే ఆశ్చర్యమేమున్నది? ఈ సంగతిని గ్రహించి భాగ్యరెడ్డి వర్మగారు 1910 నుండి హైదరాబాదు నగరంలో ఆది హిందువుల పిల్లలకు తెలుగు బడులు పెట్టించారు. 1924లో వచ్చిన ఖాంగీ మదరసాల నిబంధనలు అనుమతి లేనిదే ప్రైవేటు బడి పెట్టరాదన్నాయి. 1930లో మన మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ కూడిననాటికి బడి, భాష అన్నవి తెలుగువారి ప్రధానమైన బాధలలో చేరి ఉన్నాయి.

ఆ తెగినచోటును కలిపినవి మిషను కేంద్రాలలోని బోర్డింగులు. వాటి వెనుక ఆ కాలంలో దేశమంతటా ఒక ఆలోచన నడిచింది. ఎ. జి. ఫ్రేజర్ గారి నాయకత్వంలో, మన కె. టి. పాల్ గారు కూడా సభ్యులుగా, ఒక సంఘం పల్లె విద్యను పరిశీలించి 1920లో నివేదిక ప్రచురించింది. పల్లె పిల్లలకు వృత్తివిద్యతో కూడిన మధ్య పాఠశాలలు కావాలని అది సూచించింది. పంజాబులోని మోగాలో విలియం మెకీ గారు ఆ మార్గంలో నడిపిన పాఠశాల పేరుపొందింది. అక్కడి పిల్లలు తోటపని చేస్తూ లెక్కలు, ఇల్లు కడుతూ కొలతలు నేర్చుకొన్నారు. మనకు దగ్గరలో, 1912లో ప్రథమ భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తులైన వి. ఎస్. అజరయ్య గారు దోర్నకల్‌లో బోర్డింగు పిల్లలచేత సేద్యం చేయించారు. చేతిపనికి పుస్తకంతో సమానమైన చోటిచ్చారు. గాంధీగారి వార్ధా విద్యాప్రణాళిక 1937లో వచ్చింది. కాబట్టి ఈ విషయంలో మనవారు వెనుకబడి లేరు.

బోర్డింగు వలన చదువు పెరిగిందా? పెరిగింది. మన సంఘాలలోని మొదటి తరం ఉపాధ్యాయులు, నర్సులు, గురువులు ఆ తలుపుగుండానే బయటికి వచ్చారు. కారణం గొప్ప బోధనాపద్ధతి అని నేననుకోను. వేళకు తిండి, వేళకు నిద్ర, గజ్జికి మందు, సాయంత్రం ఒక దీపం, పక్కన కూర్చొని చదివే మరొక పిల్లవాడు దొరకడమే కారణం. ఇవి పల్లెలో ఏ ఒక్కటీ ఉండేవి కావు.

అయితే దీనికి వెల కూడా ఉన్నది. చిన్నప్పుడు బోర్డింగులో ఉండి వచ్చిన మా సంఘపు పెద్దమ్మ ఒకామెను ఆ రోజులెట్లుండేవని అడిగాను. "కడుపునిండ తిన్న అయ్యగారు, అబద్ధమెందుకు. గని నెలదాక రోజూ ఏడ్చిన. మా అవ్వ యాదికొచ్చేది. ఎవ్వరు అడగలే, ఎందుకేడుస్తున్నవని," అన్నది. ఆ బోర్డింగు పేరు ఇక్కడ అవసరం లేదు. పెట్టినవారు తిండి పెట్టారు, అక్షరం పెట్టారు. ఏడ్చే పిల్లను అడగడం వారి నియమావళిలో లేదు. బెత్తం మాత్రం ఉన్నది. దానిని క్రమశిక్షణ అని పొగిడే పెద్దలు నేటికీ ఉన్నారు. వారితో నేను ఏకీభవించను.

ఇంకొక సంగతి. బోర్డింగుకు వెళ్ళినవారు కొందరే. మిగిలినవారి గతి ఏమైనదో పి. వై. లూక్ గారు, జాన్ కార్మన్ గారు జంగరాయి ప్రాంతపు సంఘాలను పరిశీలించి 1968లో ప్రచురించిన గ్రంథంలో చూడవచ్చు. పల్లె క్రైస్తవుల జీవితాన్ని ఉన్నదున్నట్లు చెప్పిన పుస్తకమది. ఉత్సవ సంచికలతో పాటు దానిని కూడా ప్రతి గురువు చదవాలి.

తరువాత ఈ పనిని ప్రభుత్వం మనకంటే ఎంతో విస్తారంగా చేపట్టింది. పి. వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసింది. పిదప సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. 2004లో ప్రారంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదట ప్రత్యేకించి ఆరు నుండి ఎనిమిది వరకు చదివే బాలికలకే ఉద్దేశింపబడ్డాయి. మధ్య తరగతులలోనే ఆడపిల్ల బడి మానుతున్నదని గుర్తించి పెట్టిన పథకమది. వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆజ్ఞాపించింది. మన రాష్ట్రంలో అది 2003లో అమలైంది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఏడ్చే పిల్లను గూర్చి చట్టం ఆలోచించింది. మనం ఆలోచించి ఉండవలసింది.

ఈ గురుకులాల ఫలమేమిటో చెప్పడానికి మన జిల్లాయే చాలు. పాకాల గ్రామపు కూలి కుటుంబంలో పుట్టిన మాలావత్ పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, పదమూడేండ్ల వయస్సులో, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కింది. అందరు పిల్లలూ పర్వతాలెక్కనక్కరలేదు. కాని తిండి, నిద్ర, వ్యాయామం, నీవు చేయగలవు అనే ఒక పెద్ద మనిషి మాట – ఇవి దొరికితే కూలివారి బిడ్డ ఏమి కాగలదో ఆ ఉదంతం చూపింది.

ఇక మా మెండోర. పోచంపాడు ప్రాజెక్టు చేరువలోనిది, 2016లో మండలకేంద్రమైనది. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతమంతా పసుపు నేల. జూన్‌లో నాటిన పసుపు జనవరి నుండి మార్చి వరకు త్రవ్వకానికి వస్తుంది. త్రవ్వాలి, కొమ్ములు విరవాలి, ఉడకబెట్టాలి, రోజుల తరబడి ఎండబోయాలి, నిజామాబాద్ మార్కెట్టుకు చేర్చాలి. ఇంటిల్లిపాదికీ పని. పరీక్షలు దగ్గరపడే నెలలు కూడా సరిగ్గా అవే. ఐదవ తరగతి పిల్లవాడు చిన్నవాడని బడికి పంపుతారు, పదవ తరగతివానిని పరీక్ష ఉన్నదని పంపుతారు. ఆరు, ఏడు, ఎనిమిది చదివేవారు మాత్రం పనికి సరిపోయే చేతులు, వాయిదా వేయదగిన చదువు కలవారు. తండ్రి గల్ఫులో ఉండి, తల్లి బీడీలు చుట్టే ఇంట్లోనైతే ఆ వయస్సు బిడ్డ మీదనే చిన్నవారి భారం కూడా పడుతుంది. ఒక ఏడవ తరగతి పిల్లవానిని బడికెందుకు పోలేదని కొంచెం గట్టిగా అడిగాను. వాడు జవాబు చెప్పక పసుపు పట్టిన రెండు చేతులూ చూపించాడు. మళ్ళీ అడగలేకపోయాను.

2011 జనాభా లెక్కలలో నిజామాబాద్ జిల్లా అక్షరాస్యత నూటికి 61 మాత్రమే; స్త్రీలలో నూటికి 52కు లోపే. ఈ లోటు బడులు లేక వచ్చినది కాదు. బడి ఉన్న ఊళ్ళోనే, మధ్యాహ్నం అన్నం ఉన్న బడికే పిల్లలు రాలేని నెలలున్నాయి. మళ్ళీ పెద్ద బోర్డింగులు కట్టే శక్తి నేడు మనకు లేదు. ప్రభుత్వ గురుకులాలుండగా అవసరమూ లేదు. ఆరాధన మందిరాలు మాత్రం వారంలో ఆరు సాయంత్రాలు తాళం వేసి ఉంటున్నాయి.

పసుపు కాలం మూడు నెలలు మందిరంలో సాయంత్రపు బడి నడపాలని మా సంఘ కమిటీ ముందు పెట్టాను. కులమతాల భేదం లేకుండా మధ్య తరగతుల పిల్లలందరూ రావచ్చు. ముందు అన్నం, తరువాత పాఠం. ఏడవ గంటకు మొదలు, తొమ్మిదికి ముగింపు. కరెంటు బిల్లు సంగతి ఒక్క కూటంలో తేలింది. ఇద్దరు నిరుద్యోగ యువకులు లెక్కలు చెప్పడానికి ఒప్పుకొన్నారు. వంట ఎవరు చేయాలన్నదానిపై రెండు కూటాలు గడచినవి. మూడవ కూటంలో ఆ పెద్దమ్మ లేచి, బియ్యం ఎక్కడ పెడతారని మాత్రం అడిగింది.