కృష్ణా పశ్చిమ డెల్టాలో వ్యవసాయ పర్యాటకం

వ్యవసాయ పర్యాటకం అనగా యాత్రికులు రైతు కుటుంబాలు సాగుచేసే పొలాలను, తోటలను సందర్శించి, అక్కడి పనులను చూచి, వీలైనచో వాటిలో పాల్గొనడం. గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాల చుట్టూ విస్తరించిన కృష్ణా పశ్చిమ డెల్టా ఇందుకు అనువైన ప్రాంతం. అయితే ఇక్కడి గ్రామాల అమరిక, కౌలు పద్ధతి కారణంగా విదేశీ నమూనాలు యథాతథంగా కుదరవు.

విదేశాలలో

ఇటలీ 1985లో దీనికొక ప్రత్యేక చట్టం చేసింది. అక్కడ రైతు తన పొలంలోని ఇంటిలోనే అతిథులకు బస, భోజనం ఏర్పాటు చేస్తాడు. ఇంగ్లాండులో 1971లో మొదలైన ‘వూఫ్’ పద్ధతిలో అతిథి రోజూ కొన్ని గంటలు సేంద్రియ క్షేత్రంలో పనిచేస్తాడు, బదులుగా తిండి, వసతి పొందుతాడు. తోటలో పండ్లు తామే కోసుకుని తూకం వేయించుకునే పద్ధతి అమెరికాలోని తెలుగువారికి పరిచితమే. మన దేశంలో మహారాష్ట్రలోని బారామతి ప్రాంతం ఈ రంగంలో ముందున్నది.

ఊరు, పొలం, కౌలు

డెల్టాలో రైతు ఇల్లు ఊరిలో ఉంటుంది, పొలం కాలువ గట్టు దాటి దూరంగా ఉంటుంది. పొలంలో ఉండేది మహా అయితే ఒక పాక, మోటారు గది. కనుక పొలంలో బస అనేది ఇక్కడ అరుదు. సందర్శకులు పట్టణంలో దిగి తెల్లవారుజామున పొలానికి వెళ్లడమే సులువు. తెనాలి, బాపట్ల విజయవాడ–చెన్నై రైలు మార్గంలో ఉన్నాయి. తెనాలి నుండి రేపల్లెకు శాఖా మార్గం ఉన్నది. తోట మధ్య గదులు కట్టి అద్దెకిచ్చే వినోద కేంద్రాలను కూడా ఇదే పేరుతో పిలుస్తుంటారు గాని, వాటిలో సేద్యం నామమాత్రం.

భూయజమాని పట్టణంలోనో, విదేశంలోనో ఉండగా సేద్యం కౌలురైతు చేయడం ఇక్కడ సర్వసాధారణం. యజమాని బంధువుగా వచ్చిన అతిథికి పొలం చూపి, పని మానుకుని వివరించేది కౌలురైతే. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందంపై అతనికి లభించేవి పంటకు సంబంధించిన హక్కులే, భూమిపై హక్కులు కావు. కావున సందర్శకులిచ్చే రుసుములో అతని వాటా ఎంతో ముందుగానే తేల్చుకోవడం న్యాయం.

చూడదగినవి

1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి నుండి పారే కాలువలే ఇక్కడి సేద్యానికి ఆధారం. నీరు వదిలాక జులై, ఆగస్టులలో వరినాట్లు సాగుతాయి. నవంబరు, డిసెంబరులలో కోతలు. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న వరిచేలోనే మినుములు వెదజల్లుతారు. దుక్కి లేకుండా, మిగిలిన తేమతోనే పండే ఈ పైరు డెల్టా ప్రత్యేకత. ఇటీవలి దశాబ్దాలలో దున్నకుండా వేసే మొక్కజొన్న దీని స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. కోత యంత్రాలు వచ్చిన తరువాత కుప్పలు, కళ్లాలు, నూర్పిళ్లు చూడాలనుకునేవారికి నిరాశ తప్పదు.

కొల్లిపర, కొల్లూరు మండలాలలోని కృష్ణ ఒడ్డు లంకలలో అరటి, పసుపు, కంద పండిస్తారు. పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టే పనులు వేసవి ముందు కనిపిస్తాయి. దుగ్గిరాల పసుపు మార్కెట్టు తెనాలికి సమీపంలోనే ఉన్నది. బాపట్ల వైపు ఇసుక నేలలలో ఉప్పునీటిపై తేలే పలుచని మంచినీటి పొరను దొరువుల ద్వారా తోడి పైర్లు పండిస్తారు. 1945లో స్థాపించబడిన బాపట్ల వ్యవసాయ కళాశాల ఈ పట్టణంలోనే ఉన్నది. ‘సాంబ మసూరి’గా ప్రసిద్ధమైన బి.పి.టి. 5204 వరి వంగడం పేరులోని మూడక్షరాలు బాపట్లవే.

జాగ్రత్తలు

కోతల కాలమే తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీటిపాలైంది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణ వరదకు లంక తోటలు మునిగాయి. అటువంటి సమయాలలో సందర్శన మానుకోవాలి. కోసిన వరి మోడుల మధ్య మినుము మొలకలు ఉంటాయి కనుక గట్టు దిగే ముందు రైతును అడగాలి. పురుగుమందు చల్లిన చేలోకి పిల్లలను తీసుకుపోరాదు.