తెర మీది జడ: భామాకలాపంలో ఆహార్యం

చతుర్విధాభినయాలలో ఆహార్యాన్ని కేవలం అలంకరణగా భావించే ధోరణి కనిపిస్తుంది. కృష్ణా జిల్లా కూచిపూడి భాగవతుల భామాకలాపం ఈ భావనను పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కల్పిస్తున్నది.

సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధమైన ఈ కలాపంలో ప్రవేశ దరువు సమయాన సత్యభామ ముఖం కన్న ముందు ఆమె జడ తెర మీదుగా సభకు దర్శనమిస్తుంది. విద్యలో తనను ఓడించగలవారు ఆ జడను కోయవచ్చునన్న సవాలు అందులో ఉన్నదని సంప్రదాయజ్ఞుల వివరణ. కథలో అది భామ గర్వానికి చిహ్నం. రంగస్థలంపై నటుని పాండిత్యానికి పందెం. స్త్రీ పాత్రలను పురుషులే ధరించిన కాలంలో ఈ రెండవ అర్థం మరింత ప్రబలంగా ఉండేది. వేషం నమ్మించకపోతే పందెం ఓడినట్లే. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) భామవేషంతోనే దేశవ్యాప్త ఖ్యాతి గడించడం ఇందుకు నిదర్శనం.

1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన తరువాత ఈ నాట్యాన్ని స్త్రీలు విస్తృతంగా అభ్యసించారు. స్త్రీ ధరించినప్పుడు జడ సహజాలంకారంగా తోచి, సవాలు మరుగునపడే అవకాశమున్నది. అయితే ఆ సవాలు విద్యకు సంబంధించినది కనుక దానిని నిలుపుకొనే అధికారం నటికీ సమానమే. జడను అందానికే పరిమితం చేసిన ప్రదర్శనలో కలాపపు తొలి వాక్యం లోపించినట్లే భావించాలి.