అడ్డుకోతలో చెట్టు ఆనవాలు

శిడ్లఘట్ట యనగానే ఎవరికైనను పట్టుగూళ్ల సంతయే తలపునకు వచ్చును. మైసూరు సీమలో పట్టుపురుగుల పెంపకమును పదునెనిమిదవ శతాబ్దపు తుదిని టిప్పు సుల్తాను ప్రోత్సహించెననుట విదితమే. అందుచేత మల్బరీ యనగా మన ఇండ్లలో ఆకు మాత్రమే. ఏటికి పలుమారులు కొట్టివేయు ఆ పొదను మ్రానుగా ఎవరు చూతురు? చూడగలిగినచో, కలపశాస్త్రమునకు అంతకంటె మంచి తొలిపాఠము లేదు.

ఎదిగిన మల్బరీ కొమ్మను అడ్డముగా కోసి, ఆ ముఖమును వాడియైన కత్తితో నున్నగా చెక్కి, పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దముతో పరికింపుడు. ప్రతి వార్షిక వలయము మొదట పెద్ద రంధ్రములు వరుసగా మాలకట్టి యుండును. పిదప అవి చిన్నవై చిన్న చిన్న గుంపులగును. ఆ రంధ్రములు చెట్టు నీరు త్రాగు నాళముల నోళ్లు. కొన్నిటిలో పల్చని పొరలు మెఱయుచుండును. ఇట్టి అమరిక గలవానిని వలయరంధ్ర వృక్షములందురు. టేకును ఈ కోవలోనిదే. మల్బరీకి చుట్టమైన పనసలోనో, రంధ్రములు పెద్దవే యైనను వలయమంతటను చెదరి యుండును. శ్రీగంధమున అవి కంటి కానని సూక్ష్మములు. వేపకును తురకవేపకును ఆకు చూచి పొరబడువారు అడ్డుకోత చూచి పొరబడరు: తురకవేపలో మాలకట్టు కలదు, వేపలో లేదు. దేవదారువంటి సూదియాకు చెట్లలో నాళములే లేవు. రంధ్రములతోపాటు కేంద్రమునుండి వెలుపలికి సాగు సన్నని కిరణరేఖలను, రంధ్రముల చుట్టునుండు లేతరంగు కణజాలమును గూడ చూడవలెను.

రంగును నమ్మరాదు. రంగు పూయవచ్చును, పొగ పట్టింపవచ్చును, ఏండ్లు గడచిన మాయును. నాళముల అమరిక మారదు.

చెట్ల లోపలి నిర్మాణమును సూక్ష్మదర్శినితో చూచి చిత్రించిన తొలివారిలో ఆంగ్లేయుడగు నెహెమియా గ్రూ ఒకడు. అతని గ్రంథము 1682లో వెలువడెను. మన దేశమున మదరాసు రాజధాని అటవీశాఖలో పనిచేసిన గాంబుల్ దొర 1881లో భారతదేశపు కలపలపై గ్రంథము ప్రకటించి, 1902లో దానిని పెంచి మరల అచ్చొత్తించెను. అతడు చెట్ల తెలుగు పేర్లను గూడ వ్రాసియుంచుట మనకు చేసిన మేలు. లేనిచో మన తాతల నాలుకలపై ఆడిన మాటలు ఎన్ని మిగిలియుండెడివో! డెహ్రాడూనులో 1906లో అటవీ పరిశోధనాలయము వెలసినది. అచ్చటి చౌదరి, ఘోషు పండితులు, 1946లో హరప్పా శ్మశానవాటికలో దొరకిన శవపేటిక చెక్క తునుకలను పరీక్షించి, పెట్టె ఒక జిట్రేగి జాతిదనియు, మూత దేవదారుదనియు 1951లో ప్రకటించిరి. దేవదారు హిమాలయముల చెట్టు. మైదానపు పట్టణమునకు అది మోసుకొని రావలసినదే. నాలుగువేల యేండ్ల నాటి మోతను ఒక చెక్క తునుక చెప్పినది!

మనకు దగ్గరగా, మైసూరు ప్రభుత్వము 1938లో బెంగుళూరున అటవీ పరిశోధనశాలను నెలకొల్పెను. 1956లో అది కేంద్ర ప్రభుత్వము క్రిందికి వచ్చి, 1988లో కలపశాస్త్ర సంస్థ యైనది. మల్లేశ్వరములోని ఆ సంస్థలో, గ్రంథాలయమున పుస్తకములవలె, చెక్కముక్కలు పేరులతో భద్రపరుపబడి యున్నవి. అనుమానపు చెక్కను వానితో సరిపోల్చి నిర్ణయింతురు. శేషాచలపు ఎఱ్ఱచందనము దొంగరవాణా యగుచున్న నేటి దినములలో ఇది కేవలము పండితుల వినోదము గాదు. చెక్క యేదో రుజువు కానిదే నేరమును రుజువు కాదు.

మా బంధువులలో ఒకరు పాతయిల్లు పడగొట్టించి, మసిబారిన దూలములను వంటచెఱకు వెలకు ఇచ్చివేసిరి. పశువుల కొట్టములో గడియమ్రానుగా మిగిలిన ఒక తునుకను నేను అటుపిమ్మట చెక్కి చూచితిని. మసి క్రింద పెద్ద రంధ్రములు మాలకట్టి యుండెను. వలయ మారంభించుచోట లేతరంగు గీత స్పష్టముగా కనిపించెను. టేకు నూనె వాసన ఇంకను పోలేదు. మా తాతగారి కాలపు వడ్రంగులు భూతద్దము లేకయే, చిత్రిక పట్టిన పొట్టును వాసన చూచి, గోటితో నొక్కి చెప్పెడివారట. పడగొట్టించునాడు అట్లు అడిగిచూడ తగిన ముసలివడ్రంగి ఊరిలోనే ఉండెను; ఆయనను పిలిపింపవలెనన్న తలంపు మాకెవ్వరికిని కలుగలేదు. ఆ తునుక యిప్పుడు నా బల్లమీద నున్నది.