జోడీ మారని డిస్కు

2024 సెప్టెంబరులో క్యాప్‌కామ్ వాళ్ళు ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్: ఆర్కేడ్ క్లాసిక్స్’ అని ఒక సంపుటం తెచ్చారు. ఏడు ఆటలు. ఆరు కొట్లాట ఆటలు, ఒకటి ‘ది పనిషర్’ అనే 1993 నాటి వీధిపోరాటం ఆట. ప్లేస్టేషన్ మీద కొని, రెండు వారాలు రోజూ రాత్రి ఆడాను. బాగుంది. కాని నేను మానుకోటలో ఆడిన ఆట ఇందులో లేదు. పేరు ఉంది, ఆట లేదు. ఈ వ్యాసం ఎక్కువగా ఆ తేడా గురించే.

ముందు కొంచెం చరిత్ర. వేరువేరు కథల్లోని వీరుల్ని ఒక్క బరిలోకి దించి కొట్టించడం వీడియో గేముల్లో 1994లో గట్టిగా మొదలైంది. ఆ ఏడు ఎస్‌ఎన్‌కే కంపెనీ తన పాత ఆటల మనుషులనందరినీ ముగ్గురేసి జట్లుగా కట్టి ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్ 94’ చేసింది. అది ఒకే ఇంటి దాయాదుల పోరు. అదే ఏడు క్యాప్‌కామ్ మార్వెల్ దగ్గర లైసెన్సు తీసుకుని ‘ఎక్స్‌మెన్: చిల్డ్రన్ ఆఫ్ ది ఆటమ్’ చేసి, అందులో తన స్ట్రీట్ ఫైటర్ నుంచి అకుమాను దొంగచాటుగా కూర్చోబెట్టింది. రహస్యం తెలిసినవాళ్ళకే దొరికేవాడు. బహుశా ఆ ఒక్కడి మీద జనం చూపిన మోజే 1996లో ‘ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్’ అయింది. ఒక్కో ఆటగాడికి ఇద్దరు వీరులు. ఒకడు అలసిపోతే ఇంకొకణ్ణి దింపొచ్చు. బయట నిలబడ్డవాడు ఊపిరి పీల్చుకుని కొంచెం బలం తిరిగి తెచ్చుకుంటాడు. ఈ జోడీ మార్పిడే ఆ ఆటకు ప్రాణం. 1997లో ‘మార్వెల్ సూపర్ హీరోస్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్’, 1998లో ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్’, 2000లో రెండో భాగం. వరసగా వచ్చినయి.

ఇవన్నీ ఆర్కేడ్ యంత్రాల కోసం చేసినవి. ఇంటికి తేవడం దగ్గర చిక్కొచ్చింది. తెర మీద ఏ క్షణాన ఎవరు దిగుతారో తెలియదు కాబట్టి నలుగురి బొమ్మలన్నీ, అంటే వాళ్ళ ప్రతి గుద్దూ, ప్రతి గంతూ, మెమరీలో సిద్ధంగా ఉండాలి. సెగా సాటర్న్‌కు క్యాప్‌కామ్ 4 మెగాబైట్ల అదనపు మెమరీ కార్ట్రిడ్జ్ జతచేసి 1997లో జపాన్‌లో ఆ ఆటను దాదాపు ఉన్నదున్నట్టు ఇచ్చింది. ఆ సాటర్న్ రూపం జపాన్ దాటలేదు. ప్రపంచమంతా ఉన్నది ప్లేస్టేషన్. దానికున్నది 2 మెగాబైట్ల మెమరీ, బొమ్మలకు ఇంకొక మెగాబైటు. కార్ట్రిడ్జ్ పెట్టే చోటు లేదు. అందుకని జోడీ మార్పిడి తీసేశారు. రెండోవాడు పిలిస్తే వచ్చి ఒక దెబ్బ వేసి వెళ్ళిపోతాడు, అంతే. ఒక్క మినహాయింపు పెట్టారు. రెండు పక్కలా అచ్చం అదే జోడీ ఉంటే మార్చుకోవచ్చు. నాలుగు బొమ్మల బదులు రెండు బొమ్మలతో సరిపోతుంది కదా, మెమరీకి అభ్యంతరం లేదు.

మా దాకా వచ్చింది ఈ కోసేసిన రూపమే.

మాది జనగామ. అమ్మ పుట్టిల్లు మహబూబాబాద్, మేమెవ్వరం అలా అనం, మానుకోట అంటాం. ఎండాకాలం సెలవులకు గోల్కొండ ఎక్కి పోయేవాళ్ళం. 2001, 2002 ప్రాంతం. స్టేషన్ నుంచి బజారు వైపు పోయే దారిలో ఒక మడిగె. రెండు టీవీలు, రెండు బూడిదరంగు ప్లేస్టేషన్లు, ఒక టేబుల్ ఫ్యాన్. గంటకు పది రూపాయలు. డిస్కులన్నీ కాపీలే, మార్కర్‌తో పేర్లు రాసినవి. ‘మార్వల్’ అని ఒకటి. ఓనరన్న అది సికింద్రాబాద్ నుంచి తెచ్చానని గర్వంగా చెప్పేవాడు.

ఆ పేరు మా నోళ్ళలో ఎప్పుడూ పలకలేదు. మాకది ‘గ్రీన్ మాన్ గేమ్’, హల్క్ వల్ల. అంతకుముందు జనగామలో ‘ముస్తఫా గేమ్’ ఆడినట్టే. అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని ఈ దేశంలో ఆడిన పిల్లల్లో ఎంతమందికి తెలుసు చెప్పండి? తెర మీద పేర్లు చదివే ఓపిక లేనప్పుడు మనుషులు తమకు పనికొచ్చే పేరు పెట్టుకుంటారు.

ఆ ఆటలో జోడీ ఎంచుకోమంటుంది. ఇద్దర్ని ఎంచుకుంటాం. కాని ఆడేది ఒక్కడితోనే. మరి రెండోవాడెందుకు? దీనికి మానుకోట పిల్లలు కనిపెట్టిన జవాబు నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. ఆట మార్చనివ్వకపోతే మేమే మారేవాళ్ళం. ఇద్దరిద్దరం జట్టు. ఒక రౌండ్ పోతే కంట్రోలర్ పక్కవాడి చేతికి. కొందరు ఇంకా ముదిరి రౌండ్ మధ్యలోనే ‘ఇయ్యి ఇయ్యి’ అని గుంజుకునేవాళ్ళు. ఆ చేతులు మారే అర సెకనులో ఎదుటివాడు ఫైర్‌బాల్ వేసేవాడు, దాని మీద తగాదా. ‘మారేటప్పుడు కొట్టొద్దు’ అన్న నియమం కూడా పుట్టింది. ఓనరన్న దానికి సాక్షి. అంటే, మెమరీ చాలక క్యాప్‌కామ్ తీసేసిన దాన్ని మేం మనుషులతో పూడ్చుకున్నాం. మాకు తెలిసి కాదు. పది రూపాయలు నలుగురు పంచుకుంటే మనిషికి రెండున్నర, అది అసలు లెక్క.

ఇప్పుడీ సంపుటం సంగతి. దీని పేరులోనే ఉంది, ఆర్కేడ్ క్లాసిక్స్ అని. అంటే యంత్రంలో ఉన్న రూపమే ప్రమాణం, ఇంటి కన్సోళ్ళ రూపాలు లెక్కలోకి రావు. పరిరక్షణ పరంగా అది సబబే అనొచ్చు. ప్లేస్టేషన్ రూపం లోపాల పుట్ట, తెర మీద ఇద్దరు గట్టిగా దూకితే ఆట నత్తనడక. ఇక్కడ ‘ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్’ మొదటిసారి పూర్తి జోడీతో ఆడుతుంటే, చిన్నప్పుడు నెగెటివ్‌లో చూసిన ఫోటోను కడిగి ఇచ్చినట్టుంది. ఒకడు ఎగిరి తన్నుతూ లోపలికొస్తాడు, ఇంకొకడు బయటికి దూకుతాడు, ఎదుటివాడికి ఊపిరాడదు. ఆ వేగం కోసమే దీన్ని చేశారని అర్థమవుతుంది.

కాని ప్రమాణం అన్న మాట దగ్గరే నాకు మన భారతం గుర్తొస్తుంది. ఇలాంటి పోరు మనకు కొత్త కాదు. గయుడు అనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మిన తాంబూలం, కింద సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. చంపుతానని కృష్ణుడి ప్రతిజ్ఞ. ఎవరి మీద తగాదానో అడక్కుండానే అర్జునుడి అభయం. ఇద్దరు బావామరుదులు, జగమెరిగిన జోడీ, ఎదురెదురు. వ్యాసుడి భారతంలో ఇది లేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ నాటకంగా రాస్తే ఊరూరా ఆడారు. 1963లో కె.వి. రెడ్డి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ తీశారు. కృష్ణుడు ఎన్.టి. రామారావు, అర్జునుడు అక్కినేని నాగేశ్వరరావు. తెరమీది జోడీ కంటే తెర బయటి జోడీ పెద్దది, జనం వెళ్ళింది సగం దానికోసమే. 1975లో బాపు ‘శ్రీరామాంజనేయ యుద్ధం’. రాముడికీ హనుమంతుడికీ యుద్ధమట! వాల్మీకి వింటే ఏమనేవాడో. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ చూసి ఎన్నడూ కలవని అల్లూరినీ కొమురం భీమునూ కొట్టించారని కొందరు నొచ్చుకున్నారు గాని, ఇష్టమైన ఇద్దర్ని ఎదురెదురు నిలబెట్టడం మన దగ్గర పాత రుచే.

ఇక్కడో ముచ్చట. ‘ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్’లో చివరి రాక్షసుడు అపోకలిప్స్‌ను కొట్టాక ఆట అయిపోదు. అప్పటిదాకా నీ పక్కన పోరాడిన నీ జోడీగాడే ఎదురొస్తాడు. వాణ్ణి కొడితేనే ముగింపు. కృష్ణార్జునుల కథలో శివుడొచ్చి ఆపుతాడు, ఎవరూ ఓడరు. క్యాప్‌కామ్‌కు అంత దయ లేదు.

కథ ఎవరిది అన్న ప్రశ్నకు మా వైపు ఇంకో జవాబు కూడా ఉండేది. జనగామకు పక్కనే చేర్యాల. అక్కడి నకాషీలు పటాలు రాస్తారు. కథ చెప్పేవాళ్ళు ఆ పటాలు పట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు. కాకిపడగల వాళ్ళు ముదిరాజులకు పాండవుల కథ, కూనపులి వాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలి వాళ్ళు మాదిగలకు జాంబపురాణం. ఏ కుటుంబానికి ఏ ఊళ్ళో చెప్పే హక్కుందో పంపకం ఉండేది, దాన్ని మిరాశీ అంటారు. లైసెన్సు లాంటిదే. తేడా ఎక్కడంటే, మిరాశీ పంచేది చెప్పే చోటును, కథను కాదు. కృష్ణుణ్ణి అర్జునుడి మీదికి పంపడానికి చిలకమర్తి ఎవరి సంతకమూ తేనక్కర్లేదు. పటం పాతబడితే నీళ్ళల్లో కలిపి కొత్తది రాయించుకునేవాళ్ళు. కథ పోదు.

ఇక్కడ కథే పోయింది. ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2’ను 2009లో ప్లేస్టేషన్ 3కూ, ఎక్స్‌బాక్స్ 360కీ డిజిటల్‌గా అమ్మారు. ఒప్పందం గడువు తీరాక 2013 డిసెంబరులో దుకాణం నుంచి తీసేశారు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఇంటి కన్సోల్ మీద దాన్ని కొత్తగా కొనే దారి లేదు. కొనుక్కున్నవాడి యంత్రం పాడైతే అంతే సంగతులు. అభిమానులు ‘ఫ్రీ ఎంవీసీ2’ అని ఉద్యమం లాంటిది నడిపారు. ఈ సంపుటం రావడం వెనక ఆ గోల కూడా ఉందని నేను నమ్ముతాను.

ఆ రెండో భాగంతో నా పరిచయం భూపాలపల్లిలో. మేనమామ సింగరేణిలో, కేటీకే గనిలో పని. భూపాలపల్లికి రైలు లేదు, పరకాల మీదుగా బస్సు. దసరా ముందు సింగరేణి లాభాల వాటా పడుతుంది. ఒక ఏడు ఆ డబ్బులతో బావ కొట్లాడి ప్లేస్టేషన్ 2 కొనిపించుకున్నాడు. గంటకు పది లేదు, ఓనరన్న లేడు. మా కుటుంబంలో మొదటి ‘ఇంటి’ కన్సోల్ అదే. యాభై ఆరుగురు వీరులు, ఒక్కొక్కరికి ముగ్గురు, మార్పిడి నిజంగా ఉంది. తెర మీద ముగ్గురు ఒకేసారి వచ్చి కొట్టడం చూసి నాకు నోట మాట రాలేదు.

అయితే ఒక షరతు. మామకు నైట్ షిఫ్టు పడ్డ వారం పగలంతా పడుకుంటాడు. క్వార్టర్‌లో రెండే గదులు. ‘సప్పుడు జెయ్యకుండ్రి, మామ లేస్తడు’ అని అత్తమ్మ గుమ్మంలో నిలబడి చెప్పేది. టీవీ సౌండు సున్నా. మా చేతికింద బటన్ల టకటక తప్ప ఏమీ వినపడేది కాదు. ఓడినవాడు కూడా మూగగానే తిట్టుకోవాలి.

ఇరవై ఏళ్ళ తర్వాత ఈ సంపుటంలో ఆ ఆట తెరిచాను. వీరుల్ని ఎంచుకునే చోట ఒక ఆడగొంతు పాట, వెనక జాజ్. ఈ ఆట సంగీతం గురించి అభిమానులు ఎన్నేళ్ళుగానో కొట్టుకుంటున్నారట, కొట్లాట ఆటకు కాఫీ హోటల్ సంగీతమా అని. నేను వినడం అదే మొదలు. ఇన్నేళ్ళు నా తలలో ఆ ఆట సంగీతమంటే సీలింగ్ ఫ్యాన్ చప్పుడు. బావకు ఫోన్ చేసి వినిపించాను. కాసేపు విని, ‘మామ లేస్తడు, బంజెయ్’ అన్నాడు. మామ రిటైరై చాలా ఏళ్ళయింది.

ఇక కొనాలనుకునేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సాధన చేసుకునే మోడ్ బాగుంది, ఏ దెబ్బ ఎంత దూరం తగులుతుందో పెట్టెలు గీసి చూపిస్తుంది. కష్టమైన దెబ్బల్ని ఒక్క బటన్‌కు కట్టుకోవచ్చు, కొత్తవాళ్ళకు మేలు. ఆన్‌లైన్‌లో రోల్‌బ్యాక్ పద్ధతి వాడారు కాబట్టి నెట్ బాగుంటే దూరం తెలియదు, కాని అర్ధరాత్రి ఎదురయ్యేవాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఇదే ఆడుతున్నవాళ్ళు. నన్ను నిమిషంలో ఇంటికి పంపారు. ధల్సిమ్‌తో మొదలుపెట్టకండి, మనవాడన్న అభిమానం ఉన్నా సరే. ఊరి కోసం బతికే యోగి, నోట్లో మంటలు, మెళ్ళో పుర్రెలు, జపాన్ వాళ్ళు ఊహించుకున్న మన దేశం. ఆ బొమ్మ మీద వేరే వ్యాసం రాయాలి.

పాత బొమ్మలూ పాటలూ దాచిన మ్యూజియం కూడా ఉంది. నోరిమారో అనే పాత్ర ‘మార్వెల్ సూపర్ హీరోస్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్’ జపాన్ రూపంలో మాత్రమే ఉండేవాడు. జపాన్ టీవీ హాస్యనటుడి కోసం సరదాగా చేసినవాడు. బయటి దేశాల రూపంలోంచి తీసేశారు. ఇప్పుడు వాణ్ణి అందరికీ ఇచ్చారు. అంటే ఒక్క రూపమే సరైనదని వాళ్ళు కూడా అనుకోవడం లేదు. పాఠాంతరాలకు చోటుంది, ఆ పాఠాంతరం జపాన్‌దైతే.

మరి జోడీ మారని ఆ ప్లేస్టేషన్ రూపాన్ని, ఎనిమిదో ఆటగా ఒక మూల పెడితే ఏం పోయేది? లోపాలతో సహా, ఆ నత్తనడకతో సహా. డబ్బులు పెట్టి కొనుక్కున్న పిల్లలు ప్రపంచమంతా లక్షల్లో ఉంటారు. మానుకోటలో కొనకుండా ఆడినవాళ్ళ లెక్క క్యాప్‌కామ్ పుస్తకాల్లో ఎలాగూ ఉండదు. ఆ మడిగెలో తర్వాత సెల్‌ఫోన్ రీచార్జిలు, ఇప్పుడు మీసేవ జిరాక్సులు. డిస్కు సంగతి ఓనరన్ననే అడిగాను మొన్న. గీతలు పడి ఏనాడో ఆగిపోయిందట, కొన్నాళ్ళు చాయ్ గ్లాసు కింద పెట్టుకున్నాడట.