బళ్లారి వీధిబడి: బెత్తం, పెద్దపిల్లవాడు

బళ్లారిలోని కౌల్ బజార్ వంటి పేటలో తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు పక్కపక్కనే పెరుగుతారు. ఒకరి యాసను ఒకరు వెక్కిరించడం, చిన్నవాణ్ణి పెద్దవాడు ఏడిపించడం ఏ ఊరి బడిలోనైనా ఉన్నదే. దీన్ని తగ్గించడానికి ‘శాంతి విద్య’ పేరుతో చెబుతున్న పద్ధతులు పరాయి దేశాలవని మనలో చాలామంది అనుకుంటారు. ఈ జిల్లా పాత కాగితాలు చదివినప్పుడు మాకు అలా తోచలేదు.

1822లో మద్రాసు గవర్నరు మన్రో బడుల లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంబెల్ ఇతడే. అనంతపురం కూడా కలిసి ఉన్న ఆనాటి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వారిలో ఆడపిల్లలు 60 మందే. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235.

ఆ నివేదికలో బడి పొద్దు ఇలా మొదలవుతుంది. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. చదవని వాణ్ణి కొట్టడం, రెండు చేతులూ కట్టి కప్పుకు వేలాడదీయడం, ఆపకుండా కూర్చుని లేపించడం కూడా ఉన్నాయి. మన పెద్దలు కోదండం, గుంజీలు అన్నవి ఇవే. చివరిది ఆరోగ్యానికి మంచిదేమో అని కూడా రాశాడు దొర! ఇంటిపని ముగించుకుని, దూరం నుంచి నడిచి వచ్చేవాడికి రోజూ ఎన్ని దెబ్బలు పడేవో ఊహించవచ్చు. చూస్తున్న తక్కిన పిల్లలు అక్షరాల కంటే ముందు నేర్చిన పాఠం, వెనకబడ్డవాణ్ణి కొట్టవచ్చునని.

అదే బడిలో మరొకటి ఉంది. పిల్లలను తరగతులుగా విడదీసి, కింది తరగతులను కొంతవరకు పెద్దపిల్లలకు అప్పగించేవారు. నేర్చినవాడు నేర్వనివాడికి చెబుతూ తన చదువు గట్టిచేసుకునేవాడు. ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని అనుకరించిందనీ రాశాడు. మద్రాసు అనాథాశ్రమంలో దీన్ని వాడి చూసిన ఆండ్రూ బెల్ 1797లో ఇంగ్లండులో పుస్తకం అచ్చువేశాడు.

ధరంపాల్ 1983లో వెలువరించిన గ్రంథంలో క్యాంబెల్ నివేదిక ఉంది. దాన్ని ఉదాహరించేవారు పెద్దపిల్లల సంగతి చెప్పి, కోదండాన్ని దాటవేయడం మాకు నచ్చదు. దెబ్బలు తింటూ ఎదిగినవాడే చిన్నవాళ్ల మీద అజమాయిషీకి వచ్చేవాడు గదా. ఆ అధికారం చేయి పట్టి దిద్దించగలదు, చెవి మెలిపెట్టనూ గలదు. యాదృచ్ఛికమే గాని, అదే 1983లో నార్వేలోని బెర్గెన్‌లో డాన్ ఓల్వేయస్ బడుల్లో పిల్లల వేధింపు తగ్గించే ప్రయత్నం మొదలుపెట్టాడు. తరగతిలో అందరూ ఒప్పుకున్న నియమాలు, ఆటస్థలంలో పెద్దల కన్ను, వేధించినవాడితోనూ వేధింపు పడ్డవాడితోనూ మాట్లాడడం అందులోని పనులు. తగవులు తీర్చడానికి పెద్దపిల్లలకు తర్ఫీదునిచ్చే బడులు ఇప్పుడు అనేక దేశాల్లో ఉన్నాయి.

2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది ఉపాధ్యాయుడి చేతిని పట్టి ఆపడానికి. పక్క బల్లమీది పిల్లవాడి చేతికి వేరే పని చూపాలి.

బళ్లారి ప్రాంతపు విద్యార్థులు ఇళ్లలోని వృద్ధుల బడి జ్ఞాపకాలు సేకరించేటప్పుడు, మిమ్మల్ని ఎవరు కొట్టారు అన్న ప్రశ్నతో పాటు, మీకు అక్షరాలు దిద్దించిన పెద్దపిల్లవాడు ఎవరు, అతడు ఎలా ఉండేవాడు అని కూడా అడిగి రాసుకోవాలని కోరుతున్నాము.